సరస్వతి ఆకు క్రీమ్ కొనేముందు ఎలా పరీక్షించుకోవాలి?

ఒడిశాలో పర్లాకిమిడి, బరంపురం, రాయగడ వైపు కూరగాయల బజార్లో థాలకుడి అని అమ్మేది మన సరస్వతి ఆకే. పచ్చడి చేసుకునే ఆ ఆకు ఇప్పుడు ‘సికా’ పేరుతో ఫేస్ క్రీముల్లోకి ఎక్కింది. ఎండకు కమిలి, ఎర్రబడి మండే చర్మానికి మంచిదని అమ్ముతున్నారు. డబ్బు పెట్టేముందు ఇలా చూసుకోండి.

ముందు చర్మం సంగతి. బొబ్బలు లేచినా, జ్వరం వచ్చినా, బుగ్గలూ ముక్కూ ఎర్రబడి కీళ్ల నొప్పులు కూడా ఉన్నా క్రీముల జోలికి పోవద్దు. లూపస్ (ఒంట్లోని రక్షణ వ్యవస్థ మన ఒంటి మీదే దాడి చేసే జబ్బు) కూడా ఇలా బయటపడొచ్చు. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలోనో, దగ్గర్లోని స్కిన్ డాక్టర్‌కో చూపించండి. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, బీపీకి ఇచ్చే హైడ్రోక్లోరోథయాజైడ్ లాంటి మందులతో మామూలు ఎండకే చర్మం కందిపోవచ్చు. మాత్రలు సొంతంగా ఆపకుండా, వాటి పేర్లు డాక్టర్‌కి చెప్పండి.

తర్వాత లేబుల్. ముందువైపు ఆకు బొమ్మ వదిలేసి వెనక చిన్న అక్షరాలు చదవండి. ‘సెంటెల్లా ఏషియాటికా’ అని ఉండాలి. ‘బకోపా’ అంటే వేరే మొక్క. బ్రాహ్మి అని రెండింటినీ పిలుస్తారు కాబట్టి ఆ పేరును నమ్ముకోలేం. పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాస్తారు. ఒక శాతం లోపువి మాత్రం చివర్లో ఏ వరసలోనైనా రాయొచ్చు. ఆకు పేరు చివర్లో ఉంటే తక్కువే కలిపారన్నమాట. అంతమాత్రాన దండగ అనుకోనక్కర్లేదు. మెడెకాసోసైడ్ (Madecassoside) అనే దాని అసలు సారం 0.1 శాతంతోనే పరీక్షలు జరిగాయి. అందుకే ఆ సారం పేరు, శాతం రాసిన ట్యూబుకే నా ఓటు.

‘క్లినికల్‌గా నిరూపితం’ అని ఉంటే, దేని మీద, ఎంతమంది మీద అని అడగాలి. 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో ఎండకు దెబ్బతిన్న చర్మం ఉన్న 20 మంది మహిళలు 6 నెలలు వాడితే ముడతలు తగ్గాయి. కానీ ఆ క్రీములో 5 శాతం విటమిన్ సి కూడా ఉంది. మేలంతా ఆకుదే అని దాన్నిబట్టి చెప్పలేం.

అయితే ఆకే నూరి రాసుకుంటే పోలేదా అంటారు చాలామంది. కట్టలో వేర్లకు అంటిన మట్టి చూశారుగా, మండుతున్న చర్మం మీద అది వద్దు. నిమ్మరసం అసలే వద్దు. అది పూసుకుని ఎండలోకి వెళితే చర్మం కాలినట్టు బొబ్బలెక్కొచ్చు.

కొన్న క్రీమును మోచేతి మడతలో రూపాయి బిళ్లంత మేర, రోజుకు రెండుసార్లు, 7 నుంచి 10 రోజులు రాయండి. దురద, ఎరుపు వస్తే కడిగేసి మానేయండి.

మరో ముఖ్యమైన మాట. పేరూ ఊరూ లేని డబ్బాలో హెర్బల్ క్రీమ్ రెండు రోజుల్లోనే ఎరుపును మాయం చేస్తే సంతోషించకండి, స్టెరాయిడ్ కలిసిందేమో అని అనుమానించండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ అనే స్టెరాయిడ్ల పేర్లు రాసున్న ట్యూబుల్ని డాక్టర్ చెప్పనిదే ముఖానికి రాయొద్దు. అలవాటయ్యాక ఆపితే మంట, మొటిమలు ఇంకా ఎక్కువవుతాయి.

సరస్వతి ఆకు ఎండను అడ్డుకోదు. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్, బయట ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి, పైన గొడుగో తువ్వాలో ఉండాల్సిందే. వారానికోసారి ఒకే కిటికీ దగ్గర ఫొటో తీసుకోండి. రెండు నెలల తర్వాత కూడా తేడా కనబడకపోతే ఆ క్రీమ్ మళ్లీ కొనకండి.