చెరువు శిఖం పరీక్ష – 3వ పాఠం: మత్తడి ఆగాక నీళ్లు, మట్టి

శిఖం అంటే చెరువు నిండితే మునిగే నేల. రెండో పాఠంలో పటం మీద మూడు చోట్లు గుర్తు పెట్టుకున్నాం: వాగు వచ్చి కలిసే మూల, నడి చెరువు, తూము ముందు. ఇప్పుడు అక్కడికి దిగి చేసే పని. మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే కట్టడం) దుంకడం ఆగాక, అక్టోబరు నడుమ నుంచి నవంబరు దాకా దీనికి అదును. వానలకు కొట్టుకొచ్చిన బురద అప్పటికి అడుక్కు దిగుతుంది. యాసంగి నాట్లకు తూము లేపకముందే పని ముగించాలి.

ముందు నీళ్లు, తర్వాతే మట్టి. ఒడ్డున గుంత తవ్వి ఆ కాళ్లతోనే నీళ్లలోకి దిగితే, లేచిన బురదే సీసాలోకి వస్తుంది.

నీటిలో కరిగిన ఆక్సిజన్ చూడటానికి పొద్దు పొడవకముందే చేరుకోండి. రాత్రంతా నాచు, చేపలు, అడుగున కుళ్లే ఆకు అన్నీ ఆక్సిజన్ తీసుకునేవే, తిరిగి ఇచ్చేది ఏదీ ఉండదు. అందుకే తెల్లవారుజామున అది అన్నిటికంటే తక్కువ. 25 డిగ్రీల దగ్గర మంచి నీళ్లు లీటరుకు సుమారు 8.2 మిల్లీగ్రాములు పట్టుకుంటాయి. పచ్చగా మారిన చెరువులో మధ్యాహ్నం మూడింటికి 11 వచ్చిందంటే అది నీటి మంచితనం కాదు, ఎండకు నాచు చేసిన పని. అదే చోట తెల్లారేసరికి 2 ఉండొచ్చు, చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచేది అప్పుడే. చేపలకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన హద్దు 4 మిల్లీగ్రాములకు తగ్గకూడదనే. కాబట్టి ప్రతి చోటా రెండు పూటలా కొలవండి. గంట రాయని అంకె దేనికీ పనికిరాదు.

మీటరు లేకపోతే మందులు కలిపి ఆక్సిజన్ లెక్కగట్టే వింక్లర్ పద్ధతి ఉంది, ఓపిక ఉంటే మీటరుకు తీసిపోదు. 300 మిల్లీలీటర్ల సీసాను నీటిలో పడుకోబెట్టి ముంచి, మెల్లగా నిలబెట్టి, నీటి లోపలే మూత బిగించండి. బుడగ ఒక్కటి మిగిలినా పారబోసి మళ్లీ నింపండి, అందులో ఉన్న గాలి లెక్కనంతా పెంచేస్తుంది. మాంగనీస్ సల్ఫేటు 1 మిల్లీలీటరు, ఆ తర్వాత ఆల్కలీ అయోడైడ్ అజైడ్ 1 మిల్లీలీటరు వేసి మూత పెట్టి తలకిందులు చేయండి. గోధుమరంగు తెట్టు కడితే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగానే ఉంటే లేనట్టు. తెట్టు సగానికి దిగాక గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ 1 మిల్లీలీటరు వేసి, కరిగేదాకా తిప్పండి. ఇంతవరకు గట్టు మీదే జరగాలి, మిగతాది ఆ పూటలోనే నీడపట్టున చేసుకోవచ్చు.

అందులోంచి 201 మిల్లీలీటర్లు తీసి 0.025 నార్మల్ థయోసల్ఫేటు చుక్కచుక్కగా వేయాలి. ఆ అదనపు 1 ఎందుకంటే, మొదటి రెండు మందులు పోసినప్పుడు పొర్లిపోయిన నీటికి సరిపెట్టడానికి. రంగు ఎండుగడ్డిలా పలచబడ్డాకే గంజి ద్రావణం వేయండి, తొందరపడితే అయోడిన్ గంజిని పట్టుకుని వదలదు. నీలం మొదటిసారి పోయిన దగ్గర ఆపాలి. పట్టిన ప్రతి మిల్లీలీటరు థయోసల్ఫేటుకు, లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము ఆక్సిజన్ ఉన్నట్టు. అజైడ్ విషం, యాసిడ్ ఒళ్లు కాలుస్తుంది. చేతికి తొడుగులు లేకుండా ముట్టొద్దు, మిగిలింది చెరువులో పోయొద్దు.

పీహెచ్ మీటరును పీహెచ్ 7, 10 ఉన్న బఫర్ ద్రావణాలతో, విద్యుత్ వాహకత మీటరును 1413 మైక్రోసీమెన్స్/సెం.మీ. ద్రావణంతో పొద్దున్నే సరిచూసుకుంటే చాలు. సద్దుల బతుకమ్మ అయిన కొత్తలో మాత్రం బతుకమ్మలు వదిలే రేవు దగ్గర నమూనా తీయకండి. తంగేడు, గునుగు కుళ్లుతూ అక్కడి ఆక్సిజన్ తినేస్తాయి, ఆ అంకె చెరువంతటిదీ కాదు.

ఇక మట్టి. నీళ్లు ఎక్కడిదాకా నిలుస్తాయో అది చెబుతుంది. నీటి అంచున ఒకటి, తుంగ ఆగిపోయే చోట ఒకటి, దానిపైన చెల్కలో ఒకటి, ఒకే వరుసలో 50 సెంటీమీటర్ల లోతు గుంతలు తవ్వండి. పార పెట్టగానే ముందు వాసన చూడండి. కుళ్లిన గుడ్డు వాసన క్షణాల్లో పోతుంది. గోడ నుంచి పెళ్ల తీసి చేత్తో విరవండి, పారతో కోస్తే రంగులు అలికినట్టు కలిసిపోతాయి. తడి మట్టినే, ఎండ బాగా వచ్చాక, నల్ల కళ్లద్దాలు తీసి మన్సెల్ రంగుల పుస్తకంతో (మట్టి రంగులకు అంకెలిచ్చే పుస్తకం) పోల్చాలి.

ఎర్ర చెల్కలో పని సులువు. నీళ్లు నిలిచిన చోట గాలి అందక సూక్ష్మజీవులు ఇనుమును కరిగిస్తాయి, ఎరుపు పోయి బూడిదరంగు మిగులుతుంది, క్రోమా (ఆ పుస్తకంలో రంగు గాఢతకు ఇచ్చే అంకె) 2కు దిగుతుంది. తుంగ వేళ్లు గాలి మోసుకొచ్చిన దారి వెంట మాత్రం ఇనుము తిరిగి తుప్పుగా పేరుకుంటుంది. విరిచిన పెళ్లలో వేరు చుట్టూ నారింజరంగు గొట్టంలా కనిపించేది అదే.

రేగడిలో మోసపోతారు. ఎన్నడూ మునగని చేనులోనూ రేగడి మన్సెల్ పుస్తకంలో 10 వైఆర్ 3/1 (చివరి 1 క్రోమా) చూపిస్తుంది, దాని నలుపు పుట్టుకతోనే ఉంది. అక్కడ రంగును పక్కనపెట్టి వేళ్ల వెంట తుప్పు ఉందా, వాసన ఉందా అనేవే చూడండి.

ఇంకో చిక్కు పూడిక. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక చాలా చెరువుల పూడిక తీసి చేన్లలో పోశారు. కాబట్టి పై చేనులో కనబడే బూడిద మట్టి ట్రాక్టర్లలో వచ్చిందై ఉండొచ్చు, శిఖంలో పైపొర అసలు లేకపోనూవచ్చు. ఏ ఏడు ఎంత లోతు తీశారో ఊరి రైతులను అడిగి, గుంత తవ్వకముందే రాసుకోండి.

చీటీలు పెన్సిలుతోనే రాయండి, సిరా తడికి కారిపోతుంది. సీసాలు ఐసు పెట్టెలో ఉంచండి. గుంతలు పూడ్చి మరీ కదలండి, సాయంత్రం బర్రెలు అటే వస్తాయి. మూడు గుంతల జీపీఎస్ గుర్తులు భద్రం. మే నెలలో నీళ్లు వెనక్కి జరిగి శిఖం నెర్రెలిచ్చినప్పుడు, వాటి పక్కనే కొత్తవి తవ్వుతాం.