హార్డ్ డిస్క్ పాడవుతున్నట్టు అనుమానం వస్తే: రిపేరుకు ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

కంప్యూటర్ నెమ్మదించి, పని మధ్యలో ఆగిపోతూ, ఉన్నట్టుండి నీలి తెర చూపించి రీస్టార్ట్ అవుతూ ఉంటే చాలామంది వెంటనే విండోస్‌ను మళ్లీ ఎక్కించడానికి సిద్ధపడతారు. సమస్య హార్డ్ డిస్క్‌లో ఉన్నప్పుడు అంతకంటే ప్రమాదకరమైన నిర్ణయం మరొకటి ఉండదు. కొత్త డిస్క్‌ను ఎప్పుడైనా కొనుక్కోవచ్చు గాని, పాతదానిలో ఉన్న పిల్లల ఫోటోలు, దుకాణం లెక్కలు, సంవత్సరాల తరబడి టైపు చేసిన పత్రాలు ఏ దుకాణంలోనూ దొరకవు. కాబట్టి ముందు డేటాను బయటకు తీయాలి, ఆ తర్వాతే రిపేరు సంగతి చూడాలి.

తప్పు డిస్క్‌దేనా అన్నది మొదట తేల్చుకోవాలి. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ వాడకం 100 శాతం చూపిస్తూ, చదివే వేగం మాత్రం సెకనుకు కొన్ని కిలోబైట్ల దగ్గరే ఉంటే గట్టిగా అనుమానించవలసిందే. ఒక సెక్టారు (డేటా నిలవుండే చిన్న గడి) చదవడానికి వీలుకానప్పుడు డిస్క్ దాన్నే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, అంతసేపూ విండోస్ ఎదురుచూస్తూ ఉంటుంది. మౌస్ కదులుతున్నా ఏ కిటికీ తెరుచుకోని ఆ స్థితికి తరచుగా ఇదే కారణం. విండోస్ తన లోపాలను నమోదు చేసే ఈవెంట్ వ్యూయర్‌లోని సిస్టమ్ లాగ్ తెరిచి, ‘డిస్క్’ అనే మూలం నుంచి 7 లేదా 153 నంబరు ఈవెంట్లు ఉన్నాయేమో చూడాలి. 7 అంటే బ్యాడ్ బ్లాక్, అంటే చెడిపోయిన భాగం, తగిలిందని, 153 అంటే డిస్క్‌కు ఇచ్చిన పనిని మళ్లీ ప్రయత్నించవలసి వచ్చిందని అర్థం.

క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ డిస్క్ తనలో తానే నమోదు చేసుకునే ‘స్మార్ట్’ వివరాలను చూపిస్తుంది. వాటిలో రీఅలొకేటెడ్ సెక్టార్ కౌంట్ (చెడిపోయి బదులు కేటాయించినవి), కరెంట్ పెండింగ్ సెక్టార్ కౌంట్ (అనుమానంలో ఉన్నవి), అన్‌కరెక్టబుల్ సెక్టార్ కౌంట్ (సరిదిద్దలేనివి) అనే మూడింటి రా వాల్యూలు, అంటే అసలు లెక్కలు, సున్నా దాటి ఉన్నాయా, రోజురోజుకూ పెరుగుతున్నాయా అన్నది ముఖ్యం. ఆ సాఫ్ట్‌వేర్ మామూలుగా పదహారు ఆధారంగా లెక్కించే హెక్సాడెసిమల్ అంకెలు చూపిస్తుంది గనుక చివర 10 అని కనిపిస్తే అది పదహారని గుర్తుంచుకోవాలి. డేటా ప్రయాణంలో వచ్చే తప్పులను లెక్కించే సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్ ఒక్కటే పెరుగుతూ ఉంటే మాత్రం డిస్క్ కంటే ముందు దాన్ని మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్‌ను అనుమానించి, దాన్ని మార్చి చూడాలి. ఇవన్నీ ‘గుడ్’ అని ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండడానికి లేదు. గూగుల్ ఇంజనీర్లు తమ లక్షకు పైగా డిస్క్‌లను గమనించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, చెడిపోయిన డిస్క్‌లలో సగానికి పైగా వాటిలో ప్రధానమైన నాలుగు స్మార్ట్ సూచికల్లో ఏ హెచ్చరికా కనిపించలేదని తేలింది. అంటే స్మార్ట్ చెడు చెబితే నమ్మాలి, మంచి చెబితే సగమే నమ్మాలి.

అనుమానం గట్టిపడిన క్షణం నుంచి చేయకూడని పనులు కొన్ని ఉన్నాయి. డీఫ్రాగ్, యాంటీవైరస్ ఫుల్ స్కాన్, విండోస్ అప్‌డేట్ ఆపేయాలి. అన్నిటికంటే ముఖ్యంగా విండోస్‌లో డిస్క్ తప్పులను సరిచేసే చెక్ డిస్క్ నడపకూడదు. చాలామంది దాన్ని వైద్యం అనుకుంటారు, కాని దాని లక్ష్యం ఫైల్ సిస్టమ్‌ను పొందికగా ఉంచడమే తప్ప మీ ఫైళ్లను కాపాడడం కాదు. పొంతన కుదరని నమోదులను అది తొలగించి, మిగిలిన తునకలను ‘ఫౌండ్ 000’ అనే ఫోల్డర్‌లో పడేస్తుంది. బ్యాడ్ సెక్టార్లను వెతకమని చెబితే డిస్క్ మొత్తాన్నీ చదువుతుంది, నీరసించిన డిస్క్‌కు ఆ శ్రమ ఒక్కటి చాలు. కంప్యూటర్ ఆన్ అవుతూ తనంతట తానే చెక్ డిస్క్ మొదలుపెట్టబోతే, తెరపై సెకన్లు లెక్కపెడుతుండగానే ఏదో ఒక కీ నొక్కి తప్పించాలి. ‘ఈ డ్రైవ్ వాడాలంటే ఫార్మాట్ చేయాలి’ అని విండోస్ అడిగితే క్యాన్సిల్ నొక్కాలి. డిస్క్‌ను ఫ్రిజ్‌లో పెట్టడం, తట్టి చూడడం, మూత విప్పడం వంటి చిట్కాలను ఎవరు చెప్పినా వినకండి. లోపల రీడింగ్ హెడ్, డేటా ఉండే తిరిగే పళ్లెం మీద కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది, అక్కడ ఒక్క ధూళి కణం చేరినా గీత పడుతుంది.

కాపీ మొదలుపెట్టే ముందే కావలసినవన్నీ సిద్ధం చేసుకోవాలి, ఎందుకంటే పాడవుతున్న డిస్క్‌ను ఆఫ్ చేసి ఆన్ చేసిన ప్రతిసారీ అది మళ్లీ లేవకపోయే అవకాశం ఉంటుంది. పాతదాని కంటే పెద్ద ఖాళీ డిస్క్ ఒకటి ఉండాలి. వేసవిలోనూ, గాలివానల రోజుల్లోనూ కాపీ మధ్యలో కరెంటు పోకుండా డెస్క్‌టాప్‌ను యూపీఎస్ మీద పెట్టాలి, ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ తీయకూడదు. విండోస్ 11 ఉన్న చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది కాబట్టి ఆ తాళాన్ని తెరిచే 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీని మైక్రోసాఫ్ట్ ఖాతా నుంచి ముందే కాగితం మీద రాసుకోవాలి. అది లేకపోతే డేటా చేతిలో ఉన్నా తెరుచుకోదు.

కాపీ చేసేటప్పుడు చిన్నవి, మళ్లీ దొరకనివి ముందు తీయాలి. సినిమాలు, సాఫ్ట్‌వేర్లు చివరికి మిగిలినా ఫరవాలేదు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు, ఫోటోలు అందరికీ గుర్తుంటాయి. ట్యాలీ డేటా ఫోల్డర్, మెయిళ్లు దాచే అవుట్‌లుక్ పీఎస్‌టీ ఫైళ్లు మాత్రం మరిచిపోతుంటారు. డీటీపీ చేసేవారు అను ఫాంట్లను కూడా కాపీ చేసుకోవాలి, ఎందుకంటే ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో పెళ్లి కార్డు తెరిస్తే తెలుగు అక్షరాల చోట అర్థంకాని గుర్తులే కనిపిస్తాయి.

మామూలు కాపీ–పేస్ట్ ఒక చెడిన ఫైలు దగ్గర ఇరుక్కుంటే మిగతావన్నీ ఆగిపోతాయి. విండోస్‌లోనే ఉండే రోబోకాపీ అనే కాపీ కమాండ్ ఫరవాలేదు గాని, దాన్ని ఉన్నదున్నట్టు వాడితే విఫలమైన ప్రతి ఫైలునూ ప్రయత్నానికి ముప్పై సెకన్ల విరామంతో పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. అందుకని ప్రయత్నాల సంఖ్యను చెప్పే ఆర్, విరామాన్ని చెప్పే డబ్ల్యూ స్విచ్‌లు (/R, /W) రెండింటికీ సున్నా ఇవ్వాలి. బ్యాడ్ సెక్టార్లు ఎక్కువగా ఉంటే విండోస్‌ను వదిలేసి, సిస్టమ్ రెస్క్యూ వంటి లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, డిస్క్ మొత్తాన్నీ కొత్తదాని మీదికి నకలు తీసే డీడీ రెస్క్యూ వాడడమే మేలు. అది సులువుగా చదవగలిగే భాగాలను ముందు తీసి, మొండి సెక్టార్లను చివరికి వదిలిపెడుతుంది. మ్యాప్ ఫైలు ఇస్తే ఎంతవరకు వచ్చిందో అందులో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆగినా అక్కడి నుంచే కొనసాగించవచ్చు. అయితే ఏది పాత డిస్క్, ఏది కొత్తది అన్న విషయంలో పొరపడితే ఖాళీ డిస్క్ వచ్చి అసలు డేటా మీద పడుతుంది. అందువల్ల సామర్థ్యం చూసి ఊహించకుండా, డిస్క్ మీది సీరియల్ నంబరును తెరపై కనిపించేదానితో సరిచూసుకుని గాని ఎంటర్ నొక్కకూడదు. చెక్ డిస్క్ వంటి ప్రయోగాలేమైనా చేయాలంటే ఆ నకలు మీదే చేయాలి.

డిస్క్ టక్ టక్ మని శబ్దం చేస్తున్నా, బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరవగలిగే సెట్టింగుల తెరలో) పేరు కనిపించకపోయినా ఇంట్లో ప్రయత్నాలు ఆపి, పవర్ తీసేయాలి. డేటా విలువైనదైతే క్లీన్ రూమ్ (ధూళి లేని గది) ఉన్న రికవరీ ల్యాబ్‌కు ఇవ్వాలి, ఇచ్చే ముందు ఖర్చు అంచనాను, డేటా రాకపోతే ఎంత తీసుకుంటారన్నదాన్ని రాతపూర్వకంగా అడగాలి. వీధి చివరి దుకాణంలో ఇస్తే ‘ఫార్మాట్ చేయవద్దు’ అని రసీదు మీదే రాయించుకోవాలి. తిరిగే పళ్లేలు లేని ఎస్‌ఎస్‌డీ అయితే శబ్దం చేయదు, చాలాసార్లు హెచ్చరించదు కూడా. పొరపాటున చెరిపిన ఫైళ్లు, చెరిపిన చోటును ఖాళీ చేసే ట్రిమ్ వల్ల త్వరగానే శాశ్వతంగా పోతాయి గనుక అందులో ఏదీ డిలీట్ చేయకూడదు.

కాపీ అయిన ఫైళ్లను తెరిచి చూసేవరకు పాత డిస్క్‌ను అలాగే భద్రపరచాలి, ఎందుకంటే పేరు, సైజు సరిగ్గా ఉండి లోపల సగం ఖాళీగా ఉన్న ఫోటోలు ఉంటాయి. ఆ తర్వాత దాన్ని పాతసామాన్లవాడికి వేయకండి. చెడిపోయాయని డిస్క్ తానే వాడకుండా వదిలేసిన సెక్టార్లను మామూలు ఎరేజింగ్ సాఫ్ట్‌వేర్ అందుకోలేదు, అందువల్ల ఆధార్ కాపీలు, బ్యాంకు పత్రాలు ఉన్న డిస్క్‌ను పళ్లేల గుండా డ్రిల్ చేయించి, ఈ-వేస్ట్ సేకరణకు ఇవ్వాలి.