షిప్పులో ఆఖరి రెండు రోజులు, అక్కణ్ణుంచి సఖినేటిపల్లి రేవు దాకా

అమ్మానాన్నా అమెరికాలో మా దగ్గర ఆర్నెల్లు ఉండి ఊరెళ్లేటప్పుడు ఫ్లైటు కాకుండా న్యూయార్క్ నుంచి ఇంగ్లాండ్‌లోని సౌతాంప్టన్ రేవు దాకా క్వీన్ మేరీ 2 అనే ఓడలో తీసుకెళ్లాను, ఏడు రాత్రులు, ఆ తర్వాత లండన్ నుంచి హైదరాబాద్ ఫ్లైటు. నాన్న వశిష్ఠ గోదావరి ఒడ్డున పుట్టి పెరిగి జన్మంతా నర్సాపురం పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి దిగిన మనిషి, పెద్ద ఓడ ఒక్కసారి ఎక్కాలని ఎన్నేళ్లనుంచో కోరిక. ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ రాలేదు గానీ దిగేటప్పుడు తడబడ్డాం, అందుకే పెద్దవాళ్లని ఇలా తీసుకెళ్దాం అనుకునేవాళ్ల కోసం రాస్తున్నా.

ముందు వీసా సంగతి. అమెరికా వీసా ఉంటే లండన్‌లో ఫ్లైటు మారడానికి వేరే వీసా అక్కర్లేదని చాలామంది చెప్తారు, అది విమానంలో వచ్చి విమానంలో పోయేవాళ్లకి మాత్రమే. ఇండియన్ పాస్‌పోర్ట్‌తో ఓడలో దిగితే యూకే విజిటర్ వీసా కావాలి. షిప్పు టికెట్‌కి డబ్బు కట్టకముందే ఇది చూసుకోండి.

ఇక సర్దుడు. ఇది ఆఖరి రోజుకి పెట్టుకోవద్దండి, దానికి ముందురోజే ముగించండి. ఎందుకంటే ఆఖరి రాత్రి పెద్ద పెట్టెలన్నిటికీ రంగు ట్యాగులు కట్టి క్యాబిన్ తలుపు బయట పెట్టాలి, రాత్రికి రాత్రే మనుషులొచ్చి పట్టుకెళ్లిపోతారు, మళ్లీ అవి కనపడేది పొద్దున్న ఒడ్డుమీద షెడ్డులోనే. మేం ఆఖరి సాయంత్రం హడావుడిగా సర్దాం, రాత్రి పదకొండింటికి నాన్న బీపీ బిళ్ల వేసుకుందామని చూస్తే స్ట్రిప్ లేదు, అది నీలం సూట్‌కేసు పక్క జేబులో ఉంది, తలుపు తీసి చూస్తే వరండా అంతా ఖాళీ. మెడికల్ సెంటర్‌కి ఫోన్ చేసి ఆ రాత్రి గడిపాం. పొద్దున్న చూస్తే అమ్మ కట్టుకోవడానికి చీర బయట పెట్టుకుంది గానీ లంగా పెట్టెలో వెళ్లిపోయింది. కాబట్టి చేతి సంచీ ఒకటి ముందే విడిగా తీసి మంచం మీద పెట్టేయండి, అందులో రేపటి బట్టలు లోపలివాటితో సహా, చెప్పులు, మూడు రోజుల మందులు, కళ్లజోడు, పళ్లసెట్టు, ఛార్జర్, పాస్‌పోర్టులు. ఆ సంచీ నిండాకే మిగతా పెట్టెలు మూయండి.

బరువు దగ్గర ఇంకో తిరకాసు ఉంది. షిప్పులో సామాను గురించి పెద్దగా పట్టించుకోరు కదా అని పెట్టెలు నింపేస్తాం, లండన్‌లో ఫ్లైటు వాళ్లు మాత్రం టికెట్ మీద ఎన్ని కిలోలు రాసుంటే అన్నే ఒప్పుకుంటారు. చేత్తో వేలాడదీసే చిన్న కాటా పట్టుకెళ్లండి, కాకపోతే ఓడ ఊగుతుంటే దానిమీద అంకె నిలవదు, 22 అంటుంది 24 అంటుంది, ఎక్కువ చూపించిందే నిజం అనుకుని తగ్గించుకోండి. పాలకోవా, నెయ్యి స్వీట్లు మిగిలుంటే షిప్పులోనే తినేయండి, పాలతో చేసినవీ మాంసం పచ్చళ్లూ అమెరికా నుంచి యూకేలోకి రానివ్వరు.

బిల్లు కూడా రెండు రోజుల ముందే ఒకసారి ప్రింట్ తీయించుకోండి. అంతా డాలర్లలో ఉంటుంది, సిబ్బంది టిప్స్ రోజూ దానంతట అదే కలుస్తుంది, ఏదైనా తేడా ఉంటే అప్పుడే అడగొచ్చు, ఆఖరి రాత్రి బిల్లుల సంగతి చూసే డెస్క్ దగ్గర క్యూ చాలా పెద్దది. గడియారం సంగతి మర్చిపోవద్దు, న్యూయార్క్‌కీ ఇంగ్లాండ్‌కీ ఐదు గంటల తేడా, దారిలో గంట గంట చొప్పున ముందుకి జరుపుతారు, అందుకే ఫ్లైటులో వచ్చినంత నిద్ర చెడదు. షుగర్, ఇన్సులిన్ వాళ్లు మాత్రం టైములు ఎలా జరుపుకోవాలో బయల్దేరకముందే డాక్టర్ చేత కాగితం మీద రాయించుకోండి.

ఈ పనులన్నీ ముందే తెమల్చమని ఇంతలా చెప్పడం ఎందుకంటే ఆఖరి సాయంత్రం డెక్ మీద ఉండాలి, క్యాబిన్‌లో పెట్టెల మధ్య కాదు. వారం రోజులు నీళ్లు తప్ప ఏమీ చూడని కళ్లకి ఆ సాయంత్రమే బిషప్ రాక్ దీపస్తంభం కనపడుతుంది, ఇంగ్లాండ్ నైరుతి కొసనుండే సిల్లీ దీవుల అంచున, సముద్రంలో రాయి మీద ఒంటరిగా. పాతకాలంలో అట్లాంటిక్ దాటే పెద్ద ప్రయాణికుల ఓడల స్పీడు రికార్డులు అక్కడిదాకానే కొలిచేవాళ్లు. సర్దుడు వదిలేసి నాన్నని పైకి తీసుకెళ్లా, చలికి మఫ్లర్ చెవులకి చుట్టుకుని కమ్మీ పట్టుకుని చాలాసేపు చూశాడు, "మన అంతర్వేది లైట్‌హౌస్ కూడా వేటకెళ్లి వచ్చేవాళ్లకి ఇలాగే ఉంటదిరా" అన్నాడు. అమ్మకి అది చూపించలేకపోయాను, కింద పెట్టెల దగ్గరే ఉండిపోయింది, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

దిగేరోజు ట్యాగు రంగుల వారీగా పిలుస్తారు, తొందరపడి మెట్ల దగ్గర నిలబడక్కర్లేదు. వీల్‌చైర్ కావాలంటే రెండు రోజుల ముందే చెప్పండి. సౌతాంప్టన్ నుంచి లండన్ హీత్రూ ఎయిర్‌పోర్టుకి కోచ్ బస్సులో దాదాపు రెండు గంటలు, కాబట్టి మధ్యాహ్నం ఫ్లైటు పెట్టుకోవద్దు, రాత్రిది చూడండి, వీలైతే ఒకరోజు అక్కడే ఆగండి. నేలమీద అడుగుపెట్టాక ఇంకా ఊగుతున్నట్టే ఉంటుంది, ముఖ్యంగా బాత్రూంలో కళ్లు మూసుకుని మొహం కడుక్కునేటప్పుడు, పెద్దవాళ్లని గోడ పట్టుకోమనండి. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో పోతుంది, వారాలు గడిచినా తగ్గకపోతే డాక్టర్‌కి చూపించాలి.

హైదరాబాద్‌లో ఒకరోజు పడుకుని నర్సాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కండి, రాత్రి ఎక్కితే పొద్దున్న దిగుతాం, రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, కింది బెర్తులు అప్పుడే చేయించుకోండి. స్టేషన్ నుంచి రేవుకి ఆటో, రేవులో పంటు, అవతల సఖినేటిపల్లి. జులై ఆగస్టుల్లో వస్తుంటే ముందు వరద ఎలా ఉందో కనుక్కోండి, ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, ఉధృతి ఎక్కువుంటే పంటు ఆపేస్తారు, అప్పుడు పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దాటి రావడమే.

ఆర్నెల్లు మూసిన ఇల్లు మన ఉప్పుగాలికి ఎలా ఉంటదో తెలుసు కదా. రెండు రోజుల ముందే పక్కింటివాళ్లకి చెప్పి కిటికీలు తీయించి ట్యాంకు కడిగించండి, తాళంలో కొబ్బరినూనె చుక్క వేయించండి. మాకు పక్కింటి పిన్ని అన్నం, మామిడికాయ పప్పు, మజ్జిగ తెచ్చిపెట్టింది. తిని నాన్న మడతమంచం వాకిట్లోకి లాక్కుని పడుకున్నాడు. పెట్టెలు మర్నాడు విప్పుకున్నాం.