ఇల్లు మారారా? 10 రోజుల్లో ఏఆర్-11 వేసేయండి

డల్లాస్ నుంచి షార్లెట్, అక్కణ్ణుంచి న్యూజెర్సీ, ప్రాజెక్ట్ ఎటు తీసుకెళ్తే అటు రెండు సూట్‌కేసులు, ఒక రైస్ కుక్కర్ కారులో వేసుకుని పోతుంటాం కదా. వైఫై, కారు ఇన్సూరెన్స్ అన్నీ గుర్తుపెట్టుకుని మార్పిస్తాం, వీసాలు, గ్రీన్ కార్డులు చూసే ప్రభుత్వ సంస్థ యూఎస్‌సీఐఎస్‌కి చెప్పడమే మర్చిపోతాం. అమెరికాలో ఇల్లు మారిన 10 రోజుల్లోపు కొత్త అడ్రస్ వాళ్లకి చెప్పాలి. హెచ్-1బీ, హెచ్-4, గ్రీన్ కార్డు, ఎవరైనా ఇంతే. చెప్పకపోతే జరిమానా, 30 రోజుల వరకు జైలు అని చట్టంలో ఉంది. దేశం నుంచి పంపించేయడానికి కూడా అది కారణం కావచ్చు, కావాలని చేయలేదని మీరే నిరూపించుకోవాలి.

పని మాత్రం పది నిమిషాలదే. యూఎస్‌సీఐఎస్ సైట్‌లో మీ ఆన్‌లైన్ అకౌంట్‌లోకి వెళ్లి అడ్రస్ మార్పు ఫారం, అంటే ఏఆర్-11, నింపాలి. ఫీజు లేదు, ఎవరైనా డబ్బు అడిగితే అది వేరే సైట్, మూసేయండి. పాత అడ్రస్, కొత్త అడ్రస్, మారిన తేదీ అడుగుతుంది. మీరు ఉంటున్న ఇంటి అడ్రసే ఇవ్వాలి, అక్కడ పోస్ట్ బాక్స్ కుదరదు. పెండింగ్ కేసు ఏదైనా ఉంటే దాని రిసీట్ నంబర్, మూడు అక్షరాలు, పది అంకెలు, తప్పకుండా ఇవ్వండి. అది వదిలేస్తే ఆ కేసులో వచ్చే కార్డు పాత ఇంటికే పోతుంది.

మా ఇంట్లో అదే జరిగింది. పోస్టాఫీసులో ఫార్వర్డింగ్ పెట్టాం కదా అని ధీమాగా ఉన్నాను. యూఎస్‌సీఐఎస్ నుంచి వచ్చే ఉత్తరాలను పోస్టాఫీసు కొత్త ఇంటికి పంపదని అప్పటికి నాకు తెలీదు. మా ఆవిడ ఈఏడీ కార్డు (ఉద్యోగం చేసుకునే అనుమతి కార్డు) పాత అపార్ట్‌మెంట్ దాకా వెళ్లి తిరుగుటపాలో వెనక్కి పోయింది, అది మళ్లీ చేతికొచ్చేదాకా తను ఉద్యోగంలో చేరలేక ఎంత టెన్షన్ పడిందో. ఇంకో తప్పు కూడా చేశాను, ఫారం నా ఒక్కడి పేరు మీదే వేశాను. భార్యకి, పిల్లలకి, ఒక్కొక్కరికి ఒక్కో ఫారం వేయాలి.

కన్సల్టెన్సీ గెస్ట్ హౌస్‌లో రెండు మూడు వారాలు ఉండాల్సివస్తే? పది రోజులు దాటేలా ఉంటే నేనైతే వేసేస్తాను, మళ్లీ మారితే మళ్లీ వేస్తాను.

ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) వాళ్లు కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి డీఎస్‌ఓకి 10 రోజుల్లోపు చెబితే చాలు, ఓపీటీలో (చదువుకి సంబంధించిన ఉద్యోగ శిక్షణ) ఉంటే విద్యార్థుల కోసం ప్రభుత్వం నడిపే సెవిప్ పోర్టల్‌లో మీరే మార్చుకోవచ్చు. కానీ ఈఏడీ అప్లికేషన్ పెండింగ్‌లో ఉంటే యూఎస్‌సీఐఎస్‌కి విడిగా చెప్పండి, ఇక్కడ మార్చింది అక్కడికి దానంతటది వెళ్లదు.

హెచ్-1బీ వాళ్లకి ఇంకో మెలిక. ఏఆర్-11 మీరు ఎక్కడ ఉంటున్నారో మాత్రమే చెబుతుంది. పనిచేసే చోటు వేరే మెట్రో ఏరియాకి మారితే కంపెనీ మీ హెచ్-1బీ పిటిషన్‌కి అమెండ్‌మెంట్ (సవరణ) వేయాలి. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకి ఇల్లే ఆఫీసు కాబట్టి, లీజు సంతకం పెట్టకముందే హెచ్‌ఆర్‌కి ఒక మెయిల్ కొట్టండి.

ఏఆర్-11 వేశాక చివర్లో వచ్చే కన్ఫర్మేషన్‌ను పీడీఎఫ్‌గా దాచుకోండి. డ్రైవింగ్ లైసెన్స్‌ది వేరే లెక్క, టెక్సస్‌లో 30 రోజులు, కాలిఫోర్నియాలో 10.

సిటిజన్ అయిపోయాం, మాకేంటి అనుకునేవాళ్లు కూడా ఆగండి. అమ్మానాన్నలకి గ్రీన్ కార్డు స్పాన్సర్ చేసి ఉంటే, ఇల్లు మారిన 30 రోజుల్లోపు మీరు ఐ-865 (స్పాన్సర్ అడ్రస్ మార్పు ఫారం) వేయాలి. వాళ్లు మీతోపాటు మారితే వాళ్లిద్దరికీ చెరో ఏఆర్-11.