బల్ల పాఠాలు – 5వ భాగం: 'అయోగ్యముగా' అన్న మాట దగ్గర ఆగుదాం

ప్రభువు బల్ల, అంటే ప్రభురాత్రి భోజన సంస్కారం గురించిన పాఠాలివి. ఈ భాగంలో ఆ బల్ల మీది పాత్ర గురించి మొదలుపెట్టాల్సింది. నిర్గమకాండం 24వ అధ్యాయం చదివి ఉంచుకోమని కూడా చెప్పాను. దాన్ని వచ్చే భాగానికి జరుపుతున్నాను, ఎందుకంటే పోయినసారి ఇచ్చిన అభ్యాసం చాలామందికి ఎదురు తిరిగింది. 1 కొరింథీయులకు 11:28 చదివి వారం రోజులు మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి అన్నాను. పరీక్షించుకున్నారు. తీరా మొదటి ఆదివారం రొట్టె పళ్లెం తమ వరుసలోకి రాగానే పక్కవారికి అందించి, తల వంచుకొని కూర్చున్నారు. "నేను యోగ్యురాలిని కానని తెలిసింది, అందుకే తీసుకోలేదు" అన్నదే ఎక్కువమంది రాసిన జవాబు.

అందులో నా తప్పుంది. వచనంలో సగం చెప్పి సగం వదిలేశాను. పూర్తి వచనం ఇది: "కాబట్టి ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను, ఆలాగుచేసి ఆ రొట్టెను తిని, ఆ పాత్రలోనిది త్రాగవలెను." పరీక్షించుకొని మానేయమని లేదు, పరీక్షించుకొని తినమని ఉంది. పౌలు చెప్పిన పరీక్ష బల్ల దగ్గరికి తీసుకొచ్చే దారి. మనం దాన్ని బల్లకు అడ్డంగా పెట్టిన గేటు చేసుకున్నాం.

బల్ల దగ్గరికి ఎవరు రావచ్చన్న విషయంలో బాప్తిస్మం పొందినవారి సంగతి, సంఘ క్రమశిక్షణ కింద ఉన్నవారి సంగతి మీకు తెలిసినవే కాబట్టి అక్కడ ఆగను. కతోలిక సంఘంలో ఘోరపాపం ఉంటే పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేశాకే సత్ప్రసాదం (బల్ల దగ్గరి రొట్టె) తీసుకోవాలన్న నియమం ఉంది. అక్కడివారు దాన్నే పాటించాలి. ఆ నియమం కూడా మనిషిని బల్ల దగ్గరికి తిరిగి చేర్చడానికే.

ఇక అసలు చిక్కు 27వ వచనంలో ఉంది. "యెవడు అయోగ్యముగా ప్రభువుయొక్క రొట్టెను తినునో" అని కదా ఉంది. దీన్ని పదిమందికి చదివి వినిపించి అర్థం అడగండి, ఎనిమిదిమంది "అయోగ్యులు తినకూడదు" అంటారు. వచనంలో ఆ మాట లేదు. 'అయోగ్యముగా' చివర ఉన్న 'గా' తినేవాడి గురించి కాదు, తినే తీరు గురించి చెప్తుంది. "పెద్దాయన గట్టిగా చదివాడు" అంటే పెద్దాయన గట్టివాడని కాదు, చదివిన తీరు గట్టిదని. "పిల్ల మెల్లగా నడిచింది", "వాన జోరుగా కురిసింది" అన్నప్పుడు 'గా' ఎక్కడ అతుక్కుంటుందో చిన్న పిల్లలకు కూడా తెలుసు. బైబిలు తెరిచేసరికి మాత్రం ఆ తెలివిని పక్కన పెట్టేస్తాం. గ్రీకు మూలంలోనూ ఇది క్రియావిశేషణమే, 'అనక్సియోస్'. మన అనువాదకులు సరిగ్గానే దించారు. చదవడంలోనే పొరపాటు జరుగుతోంది. ప్రసంగ పీఠం మీద నుంచి కూడా "అయోగ్యులారా, ముట్టకండి" అని వినిపించినప్పుడు ఎంతమంది పేదరాళ్లు ఆ మాట మోసుకొని ఇంటికి పోతారో ఆలోచించండి. 'యోగ్యులే రావాలి' అంటే బల్ల చుట్టూ ఎవరూ మిగలరు, వడ్డించే పాస్టరుతో సహా.

మొదటి బల్ల దగ్గర ఎవరున్నారో చూడండి. తెల్లవారేలోపు మూడుసార్లు ఎరుగనని చెప్పబోయే పేతురు ఉన్నాడు. ఎవరు గొప్ప అని అదే రాత్రి వాదులాడుకున్న శిష్యులున్నారు (లూకా 22:24). లూకా వరుస ప్రకారం రొట్టె, పాత్ర ఇచ్చిన తర్వాతే "నన్ను అప్పగించువాని చెయ్యి బల్లమీద ఉంది" అన్న మాట వస్తుంది, అంటే అప్పగించబోయే యూదా కూడా అక్కడే ఉన్నాడు.

మరి కొరింథువారి తినే తీరులో ఏం చెడింది? ఆ ముక్క కోసం 27 నుంచి కాదు, 17 నుంచి చదవాలి. ఒకరికంటే ఒకరు ముందుగా, ఎవరి మట్టుకు వారు తినేశారు. ఒకడు ఆకలితో ఉన్నాడు, ఇంకొకడు మత్తుగా ఉన్నాడు. "పేదలను సిగ్గుపరచుదురా?" అని పౌలు అడిగాడు. క్రీ.శ. 55 ప్రాంతంలో ఎఫెసు నుంచి రాసిన ఉత్తరం ఇది. పొద్దంతా చాకిరీ చేసి ఆలస్యంగా వచ్చిన కూలివాడికీ బానిసకూ ఏమీ మిగల్లేదు. మన పల్లె భాషలో చెప్పాలంటే, మొదటి బంతి లేచేసరికి రెండో బంతికి గిన్నెలు ఖాళీ. పౌలు 'అయోగ్యముగా' అన్నది దీన్ని. అందుకే ఆయన చెప్పిన మందు కూడా "ఇంట్లో కూర్చొని ఏడవండి" అని కాదు, "ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి" అని (11:33). ఒక మనిషి కోసం ఆగడమే అక్కడి ఆజ్ఞ.

హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి చూసిన నేల మనది. కొందరికి గాజు గ్లాసు, కొందరికి బయట వేరే గ్లాసు. అలాంటి ఊళ్లో ఒకే పాత్ర పెదవి నుంచి పెదవికి పోవడం చిన్న విషయం కాదు. చిన్న కప్పులు వచ్చాక శుభ్రత పెరిగింది, అది మంచిదే. కానీ కొత్త విశ్వాసులకు బల్ల అర్థం చెప్పేటప్పుడు ఒకే పాత్ర మాట తప్పకుండా చెప్పండి. చిన్న కప్పులన్నీ ఒకే కూజా నుంచి, అందరూ చూస్తుండగా నింపితే ఆ అర్థం కంటికి కూడా కనబడుతుంది.

ఇప్పుడు 10:16. "క్రీస్తు శరీరములో పాలుపుచ్చుకొనుటయేగదా?" పిల్లలు దీన్ని తాగే పాలనుకుంటారు, పెద్దలు పట్టించుకోకుండా దాటిపోతారు. ఈ 'పాలు' అంటే వాటా. గ్రీకులో 'కొయినోనియా', మనం 'సహవాసం' అంటున్నది కూడా ఇదే మాట. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో దీనికి నిఘంటువు అక్కర్లేదు. చెలక (మెట్ట చేను) పాలుకిస్తే పంటలో వాటా, పెట్టుబడిలో వాటా, కరువు వస్తే నష్టంలోనూ వాటా. 'పాలోళ్లు' అంటే ఎవరు? ఒకరు పోతే అందరికీ అంటు (చావు మైల) తగిలేవాళ్లు. సంస్కారం అర్థం మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. క్రీస్తు చావులో మనకు పాలుంది. ఆ చావు మనల్ని ఒకరికొకరం పాలోళ్లను చేసింది. ఆ వెంటనే 17వ వచనం "రొట్టె యొక్కటే గనుక అనేకులమైన మనము ఒక్క శరీరమై యున్నాము" అంటుంది. 11:29లోని "శరీరమని వివేచింపక" అన్న మాటను దీని పక్కన పెట్టి చదవండి. రొట్టెలో ప్రభువు శరీరాన్ని గుర్తించాలి, పక్క వరుసలో ఉన్నదీ ఆ శరీరమేనని కూడా గుర్తించాలి.

రొట్టె ఒక్కటే అన్నారు కాబట్టి మూడో భాగంలో రొట్టె, రసం తయారీకి ఇచ్చిన లెక్క సరిచేస్తాను. కొందరు దుకాణం బ్రెడ్డు ముందే చాకుతో ముక్కలు కోసి తెచ్చారు. అప్పుడు "విరిచి" అన్న మాటకు బల్ల మీద ఏమీ జరగదు. ఎనభైమందికి 200 గ్రాముల గోధుమపిండి, సుమారు 110 మిల్లీలీటర్ల నీళ్లు, చిటికెడు ఉప్పు, చెంచా నూనె చాలు. అడుగు కంటే కొంచెం తక్కువ వెడల్పుతో, అర సెంటీమీటరు మందంతో ఒకటే రొట్టె ఒత్తి, పెనం మీద సన్నని సెగన రెండు వైపులా కాల్చండి. సెగ ఎక్కువైతే పైన మాడి, లోపల పచ్చిగా ఉండి, విరిచినప్పుడు సాగుతుంది. బట్టలో చుట్టి ఉంచకపోతే పొద్దటికి పెళుసై పొడి రాలుతుంది. జొన్నరొట్టె వాడొచ్చా అని పాలమూరు వైపు నుంచి అడిగారు. కతోలికులకు గోధుమే నియమం. మిగతావారికి లేఖనంలో అడ్డు లేదు. నేను గోధుమనే ఎంచుకుంటాను, జొన్నరొట్టె ఎనభై ముక్కలయ్యేలోపే పిండైపోతుంది.

పాత్రలో పోసే ద్రాక్షరసం పులిసిందన్నవారు శుక్రవారం కాచి బయట పెట్టినవారే. అరకిలో నల్ల ఎండుద్రాక్షను లీటరు నీళ్లలో ఇరవై నిమిషాలు ఉడికించి, పిసికి వడకట్టండి. వడకట్టాక మళ్లీ ఒక పొంగు రానివ్వండి, చేతులు తగిలిన రసం తొందరగా చెడుతుంది. మరగబెట్టిన గాజు సీసాలో వేడిగా, అంచు దాకా నింపి బిగించి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి. శనివారం సాయంత్రం కంటే ముందు చేయొద్దు. కప్పుకు 10 మిల్లీలీటర్ల లెక్కన ఎనభైకి 800 మిల్లీలీటర్లు కావాలి. రసం తక్కువ దిగితే కాచిన నీళ్లు కలిపి సరిచేయండి.

అభ్యాసం ఈసారి బరువైనదే. 1 కొరింథీయులకు 11:17–34 చేత్తో రాసి, 'కూడి' అన్న మాట వచ్చిన ప్రతిచోటా గీత గీయండి. ఐదు రావాలి, తక్కువైతే మళ్లీ చదవండి. తర్వాత, మూడు నెలలుగా బల్ల దగ్గరికి రాని ముగ్గురి పేర్లు రాసుకోండి. మనస్పర్ధ మీతోనే అయితే మత్తయి 5:23–24 ప్రకారం ముందు మీరే వెళ్లండి. ఆ వాక్యం కూడా సమాధానపడి "వచ్చి" అర్పించమనే చెబుతుంది, అర్పణ మానమని కాదు. మిగతావారి ఇంటికి వచ్చే మొదటి ఆదివారంలోపు పోయి, ఎందుకు రావడం లేదో అడిగి, మధ్యలో మాట్లాడకుండా వినండి. భయంతో ఆగినవారికి 28వ వచనం రెండో సగం చదివి వినిపించండి. మంచం పట్టినవారుంటే పేర్లు పాస్టరుకు ఇవ్వండి, రొట్టె, పాత్ర వారి ఇంటికే తీసుకెళ్తారు.

నిర్గమకాండం 24 తెరిచే ఉంచండి, 8వ వచనం దగ్గర మొదలుపెడదాం.