దీపావళి ముందు ఈడొస్తున్న సర్వీస్ డాగ్: చెన్నైలో జాగ్రత్తలు

వైకల్యమో జబ్బో ఉన్నవారికి సాయపడేలా సర్వీస్ డాగ్‌గా తయారుచేస్తున్న లాబ్రడార్ పిల్ల, ఐదో నెలలో ‘సిట్’ అనగానే కూర్చున్నది, ఎనిమిదో నెల వచ్చేసరికి పిలిచినా తల తిప్పదు. నేర్పిందంతా పోయిందని ఇంటిల్లిపాదీ బెంబేలెత్తుతారు. ఏమీ పోలేదు. చూపు లేనివారికి దారి చూపే గైడ్ డాగ్స్‌గా తయారుచేస్తున్న కుక్కపిల్లల మీద బ్రిటన్‌లో జరిగి, 2020లో వెలువడిన పరిశోధనలో, ఎనిమిదో నెలలో అవి పెంచినవాళ్ల మాటే తక్కువగా విన్నాయి. కొత్తవాళ్లు చెబితే కూర్చున్నాయి! మన పిల్లలూ ఇంతేగా.

ఆరో నెల నుంచి ఏడాదిన్నర దాకా, పెద్ద జాతుల్లో రెండేళ్ల దాకా ఈ దశ ఉంటుంది. మొండితనం దానంతటదే తగ్గుతుంది. నా భయమల్లా బెదురు గురించే. నిన్నటిదాకా పట్టించుకోని చప్పుడుకు ఈ వయసులో ఉలిక్కిపడుతుంది, ఒక్కోసారి ఆ బెదురు జీవితాంతం వదలదు. చప్పుళ్లకు బెదిరే కుక్క సర్వీసుకు నిలవడం కష్టం.

టపాసులకు తమిళనాడు ప్రభుత్వం కొన్నేళ్లుగా ఇస్తున్న సమయం ఉదయం 6 నుంచి 7, రాత్రి 7 నుంచి 8. సరిగ్గా మనం కుక్కను తిప్పే వేళలు. అది కూడా కాగితం మీదే. పక్కింటివాళ్ల గంగాస్నానం నాలుగింటికే అయిపోతుంది, వెంటనే వాకిట్లో టపాసుల సరం పేలుతుంది. అందుకని పండక్కి రెండు రోజులు ముందు, రెండు రోజులు తర్వాత నడక మధ్యాహ్నానికి మార్చండి. వాన లేకుండా ఎండ కాస్తే చేతి వెనకవైపు రోడ్డుకు ఆనించి చూడండి. ఏడు సెకన్లు ఓర్చుకోలేకపోతే దాని పాదాలకూ వద్దు.

మెడపట్టీ ఒక్కదాన్నే నమ్మొద్దు. బెదిరిన కుక్క వెనక్కి గుంజితే అది తలమీదుగా జారిపోతుంది. ఒంటికి సరిగ్గా పట్టే హార్నెస్ వేసి లీష్ దానికి తగిలించండి, మెడలో ఫోన్ నంబరున్న బిళ్ల ఉంచండి. పనికి వేసే కోటు మాత్రం ఈ రోజుల్లో తీసేయండి, లేకపోతే పనికీ భయానికీ ముడిపడుతుంది.

నెల ముందు నుంచే ఫోన్‌లో టపాసుల చప్పుడు బాగా తగ్గించి వినిపించండి. ముందు చప్పుడు, వెంటనే చికెన్ ముక్క. తినడం మానేసిందంటే చప్పుడు ఎక్కువైనట్టే, తగ్గించండి. భయపడి ఒళ్లోకొస్తే దగ్గరికి తీసుకోండి, గారం చేస్తే భయం పెరుగుతుందనేది ఉత్తమాట. మందు కావాలంటే వేపేరిలోని మద్రాసు వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలోనో, మీరు చూపించే డాక్టరు దగ్గరో వారాల ముందే అడగండి. కొన్ని మందులు ఒంటిని కదలనివ్వవు కానీ భయాన్ని తగ్గించవు. మన మాత్రలు అసలే వద్దు.

మిగతావి క్లుప్తంగా. మాట ఒక్కసారే చెప్పండి. వినకపోతే ఇంట్లో నేర్పిన తేలిక పనికి దించండి, అరవొద్దు. ఆడకుక్క ఎదకొస్తే దాదాపు మూడు వారాలు వీధి శిక్షణ ఆపేయండి, లేకపోతే పేటలోని మగకుక్కలన్నీ వెంటపడతాయి. ఎముకల ఎదుగుదల పూర్తయిందని డాక్టరు చెప్పేదాకా వీల్‌చెయిర్ లాగించొద్దు, మనిషి బరువు ఆనించొద్దు.

ఈ నెలల్లో దాని మీదే ఆధారపడొద్దు. చూపు లేనివారు తెల్లకర్ర, షుగర్ పడిపోతే హెచ్చరించే కుక్క ఉన్నవారు గ్లూకోమీటరు ఎప్పటిలాగే వాడాలి.