యాభై ఏళ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్: ఇంట్లో మరమ్మతు చేసుకునేవారికి దరఖాస్తు విధానం

పాత బండిని ఇంట్లోనే విప్పి బాగుచేసుకునేవారిలో ఎక్కువమంది కాగితాల సంగతిని ఆఖరుకు వదిలేస్తారు. ఇంజను స్టార్టయి, రంగు ఆరి, సీటు కవరు కుట్టించాక రవాణా శాఖ కార్యాలయానికి బయలుదేరుతారు. అప్పటికి బండి అసలుదేనని చూపగల గుర్తులు కొన్ని ఆ మరమ్మతులోనే చెరిగిపోయి ఉంటాయి. వింటేజ్ రిజిస్ట్రేషన్ కోరదలచినవారు దరఖాస్తు పనిని మొదటి బోల్టు విప్పకముందే మొదలుపెట్టాలన్నది నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న మాట.

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు పదిహేనో సవరణ తెచ్చి, వింటేజ్ వాహనాల కోసం 81ఏ నుంచి 81జీ వరకు కొత్త నిబంధనలను చేర్చింది. అంతకుముందు ఇలాంటి బండ్ల రిజిస్ట్రేషన్‌కు దేశమంతటికీ వర్తించే ప్రత్యేక పద్ధతి లేదు. ఇప్పుడున్న పద్ధతి ఆంధ్రప్రదేశ్‌కూ తెలంగాణకూ కూడా వర్తిస్తుంది.

ఏ బండికి అర్హత ఉంది

తొలి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి 50 ఏళ్లు దాటి, సొంత అవసరానికే వాడుతున్న ద్విచక్ర వాహనాలకు, ప్రయాణికుల నాలుగు చక్రాల వాహనాలకు మాత్రమే ఈ అవకాశం ఉంది. విదేశాల నుంచి దిగుమతి చేసుకున్నవి కూడా ఇందులోకి వస్తాయి. 1974లో రిజిస్టరైన ఎజ్డీ మోటారు సైకిలుకు ఇప్పుడు అర్హత ఉంటుంది. 1980లో రిజిస్టరైన స్కూటరు 2030 దాకా ఆగవలసిందే. లారీ, ఆటో, ట్రాక్టరు ఎంత పాతవైనా ఈ నిబంధనల కిందికి రావు. పొలంలో నీళ్లు తోడిన పాత ఆయిల్ ఇంజను మోటారు వాహనమే కాదు కనుక, దాన్ని బాగుచేసుకునేవారికి రవాణా శాఖతో పనే లేదు.

వయసు ఒక్కటే చాలదు. బండి తయారైనప్పటి రూపంలోనే ఉండాలి, దానిలో గణనీయమైన మార్పు జరిగి ఉండకూడదు. చాసిస్‌నో (బండి చట్రాన్నో), బాడీనో, ఇంజనునో మార్చడం అలాంటి మార్పు కిందికి వస్తుంది. మన ప్రాంతంలో చాలా పాత బండ్లు ఇక్కడే ఆగిపోతాయి. పెట్రోలు ఖర్చు భరించలేక అంబాసిడర్‌లో డీజిల్ ఇంజను పెట్టించినవారు, ఎక్కువమంది పట్టాలని జీపు వెనక భాగాన్ని కోసి పొడిగించినవారు ఆ రోజుల్లో తమ అవసరం కొద్దీ చేశారు, వారిని తప్పుపట్టలేము. కానీ ఆ బండ్లను మళ్లీ అసలు రూపానికి తేకుండా దరఖాస్తు చేస్తే ఫలితం ఉండదు.

అరిగిన సిలిండరుకు బోరింగ్ చేయించి కొత్త పిస్టనూ రింగులూ వేయడం, బేరింగులు మార్చడం, తుప్పు తిన్న మడ్‌గార్డుకు టింకరింగ్ చేయించడం వేరు. ఏ బండికైనా తప్పని పనులివి; ఇంజను అదే ఇంజనుగా, బాడీ అదే బాడీగా మిగులుతాయి. అయినా తీసేసిన పాత భాగాలను పాత ఇనుము కొనేవాడికి వేయకుండా ఒక గోనెసంచిలో దాచి, కొత్త భాగాల బిల్లులను ఒక ఫైలులో పెట్టుకోవాలని నా సలహా. ఇంజను పైపెంకు పగిలిందని అదే మోడల్ బండి నుంచి మరో పెంకు తెచ్చి బిగిస్తే మాత్రం ఇంజను నంబరు మారిపోతుంది. సాధారణ బండికైనా ముందుగా అనుమతి తీసుకోవలసిన మార్పు అది. వింటేజ్ బండి విషయంలో అర్హతకే ముప్పు.

ఈ రిజిస్ట్రేషన్ మీకు నిజంగా కావాలా

ఫారం నింపే ముందు ఈ ప్రశ్నకు జవాబు తేల్చుకోవాలి. వింటేజ్‌గా రిజిస్టరైన బండిని రోజువారీ ప్రయాణానికి గానీ, కిరాయికి గానీ రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు కొట్టించడానికి, మరమ్మతుకు, ఆ చోట్లకు వెళ్లి రావడానికి మాత్రమే నడపవచ్చు. తాతగారి బండి మీద రోజూ ఆఫీసుకు వెళ్లాలన్నది మీ కోరిక అయితే, ఈ దారి మీది కాదు. మామూలు రిజిస్ట్రేషన్‌నే ఫారం 25 ద్వారా పొడిగించుకోవాలి. సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత తనిఖీకి నిలబడితే ఐదేసి ఏళ్ల చొప్పున పొడిగిస్తారు. అందుకు పాత బండ్ల మీద వేసే హరిత పన్నుతో పాటు, గడువు దాటినందుకు అదనపు రుసుము కూడా పడవచ్చు. ఖర్చు గురించి, కాలం గురించి ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోవడం మంచిది.

నంబర్ల అచ్చు

దరఖాస్తు చేయవలసింది ఫారం 20లో. ఆ ఫారం మీద చాసిస్ నంబరు పెన్సిల్ అచ్చు అతికించాలి. ద్విచక్ర వాహనాల్లో ఈ నంబరు ఎక్కువగా హ్యాండిల్ కింద నెక్ గొట్టం మీద, ఇంజను నంబరు ఇంజను పెంకు మీద చెక్కి ఉంటాయి. మా తాతగారు 1969లో కొన్న జావా 250 మైసూరులో తయారైన బండి. దాని ఫ్రేమును రంగు కోసం ఒక షాపుకు ఇచ్చినప్పుడు నంబరు మీద టేపు వేయాలన్న సంగతి నాకు తెలియదు. తిరిగి వచ్చేసరికి నెక్ గొట్టం అద్దంలా మెరుస్తోంది, నంబరు ఉన్న చోట గీత కూడా కనిపించడం లేదు. దూదిని పెయింట్ రిమూవర్‌లో ముంచి అద్దుతూ, వెదురు పుల్లతో ఒక్కో అంకె గాడిలో పేరుకున్న రంగును తీయడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. చివరి అంకె 3 అవునో 8 అవునో తేలక, రిజిస్ట్రేషన్ పత్రమైన సీ బుక్కు తెరిచి పక్కన పెట్టుకుని చూసుకున్నాను. ఆ కాసేపు పడిన ఆందోళన ఇంకొకరికి రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

కనుక బండిని విప్పకముందే నంబరు ఉన్న చోటును కిరోసిన్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, పాత పళ్ల బ్రష్షుతో మట్టి రాల్చాలి. గ్రైండరు గానీ, ఎమెరీ కాగితం గానీ అక్కడికి చేరనివ్వకూడదు. బాగా ఆరాక పలచని తెల్ల కాగితాన్ని కదలకుండా టేపుతో అంటించి, మెత్తని పెన్సిల్‌ను పడుకోబెట్టి ఒకే వైపుగా తేలికగా రుద్దితే, బూడిదరంగు నేల మీద అంకెలు తెల్లగా తేలుతాయి. మూడు నాలుగు అచ్చులు తీసి పెట్టుకోవాలి. తర్వాత ఫ్రేమును రంగుకు పంపేటప్పుడు ఆ చోటును మాస్కింగ్ టేపుతో కప్పి, అక్కడ పుట్టీ పెట్టవద్దని పనివాడికి దగ్గరుండి చెప్పాలి. అంకెలు అరిగిపోయాయని లేత్ షాపులో కొత్తగా పంచింగ్ చేయించడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. అలా కొట్టించిన నంబరును చూసిన అధికారికి మొదట వచ్చే అనుమానం దొంగ బండి అనే. బండ్లను తనిఖీ చేసే బ్రేక్ ఇన్‌స్పెక్టరు దగ్గర ఆ అనుమానాన్ని మాటలతో పోగొట్టడం చాలా కష్టం.

ఇదే సమయంలో బండిని నాలుగు వైపుల నుంచీ, నంబర్లను దగ్గరగా, మీటరును, తయారీదారు పలకను ఫొటోలు తీయాలి. మరమ్మతు సాగుతున్నప్పుడు తీసిన ఫొటోలు తర్వాత తనిఖీలో మీ తరఫున సాక్ష్యం చెబుతాయి.

పేరు, పాత రికార్డు

ఇప్పటికే మన దేశంలో రిజిస్టరైన బండి అయితే పాత రిజిస్ట్రేషన్ పత్రాన్ని, అంటే సీ బుక్కును, దరఖాస్తుతో జతచేయాలి. చాలా ఇళ్లలో అది చనిపోయిన తాతగారి పేరుమీదో, ముప్పై ఏళ్ల క్రితం అమ్మేసి వెళ్లిన ఎవరి పేరుమీదో ఉంటుంది. ముందు ఆ ముడి విప్పుకోవాలి. యజమాని మరణించి ఉంటే ఫారం 31 ద్వారా వారసుని పేరుకు మార్చుకోవాలి. మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల సమ్మతి సిద్ధం చేసుకోవాలి. కొన్న బండి అయితే అమ్మినవారి సంతకాలతో ఫారం 29, ఫారం 30 ఉండాలి. సీ బుక్కు పోయి ఉంటే పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, ఫారం 26 ద్వారా నకలు కోరాలి.

నకలు ఇవ్వాలంటే పాత రికార్డు దొరకాలి. 1989కి ముందు మూడు ఆంగ్ల అక్షరాలతో మొదలైన నంబర్ల వివరాలు చాలావరకు చేతిరాత పుస్తకాల్లో ఉన్నాయి. బండి మొదట రిజిస్టరైన పాత జిల్లా కార్యాలయానికి వెళ్లి బి రిజిస్టరు (బండి వివరాలు నమోదు చేసిన కార్యాలయ పుస్తకం) ప్రతి కోరుతూ లిఖితపూర్వకంగా అర్జీ ఇవ్వాలి. జిల్లాల విభజన తర్వాత ఆ పుస్తకాలు ఏ కార్యాలయానికి చేరాయో అక్కడే అడిగి తెలుసుకోవలసి ఉంటుంది. నా అనుభవంలో మొత్తం ప్రక్రియలో ఎక్కువ ఓపిక కోరే దశ ఇదే.

దరఖాస్తు, తనిఖీ, నంబరు

కాగితాలు సిద్ధమయ్యాక కేంద్ర రవాణా శాఖ వెబ్‌సైటైన పరివాహన్ పోర్టల్ ద్వారా ఫారం 20 దాఖలు చేయాలి. చెల్లుబాటులో ఉన్న బీమా పాలసీ, పాత సీ బుక్కు, దిగుమతి బండి అయితే కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి పత్రం), రుసుము జతచేయాలి. కొత్తగా వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు. ద్విచక్ర వాహనం ఉన్నవారికి ఇది భారమేనని నేను ఒప్పుకుంటాను. దీనికి తోడు పన్ను విషయం రాష్ట్రం చేతిలో ఉంటుంది కనుక, ఆ లెక్కను మీ కార్యాలయంలో ముందే అడిగి రాయించుకోవాలి. బీమాలో కొంత ఊరట ఉంది: వింటేజ్‌గా రిజిస్టరైన సొంత కారుకు థర్డ్ పార్టీ ప్రీమియంలో 50 శాతం తగ్గింపును 2022 నాటి నిబంధనలు కల్పించాయి.

ఈ దరఖాస్తులను చూడటానికి ప్రతి రాష్ట్రం ఒక నోడల్ అధికారిని నియమించాలి. రాష్ట్రం ఏర్పాటు చేసే కమిటీ బండిని తనిఖీ చేసి, వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు తగినదో కాదో తేలుస్తుంది. తనిఖీకి బండిని ఎక్కువగా మెరిపించి తీసుకెళ్లడం కన్నా, నంబర్లున్న చోట్లు శుభ్రంగా కనిపించేలా తీసుకెళ్లడం ముఖ్యం. బిల్లుల ఫైలు, పెన్సిల్ అచ్చులు, ఫొటోలు వెంట ఉండాలి. కాదంటే ఏ కారణంతో కాదన్నారో కాగితం మీద తీసుకోండి. ఏ భాగాన్ని అసలు రూపానికి తేవాలో దాన్నిబట్టే తెలుస్తుంది.

అంతా సరిగ్గా ఉంటే 60 రోజుల్లో ఫారం 23ఏలో రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇదివరకే రిజిస్టరైన బండి తన పాత నంబరునే ఉంచుకోవచ్చు. మా జావాకు తాతగారి నాటి నంబరు పలకే ఉండిపోవడం మా ఇంట్లో అందరికీ ఎంతో సంతోషం కలిగించింది. కొత్తగా రిజిస్టరయ్యే బండికి రాష్ట్ర సంకేతం, ఆ తర్వాత వింటేజ్‌ను సూచించే వీఏ, రెండు అక్షరాల శ్రేణి, 0001 నుంచి 9999 లోపు సంఖ్య ఇస్తారు. అంటే ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ వీఏ అని, తెలంగాణలో 2024 మార్చి నుంచి అమల్లో ఉన్న టీజీ సంకేతంతో టీజీ వీఏ అని మొదలవుతుంది.

సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత 5,000 రూపాయల రుసుముతో ఐదేళ్లకు మళ్లీ రిజిస్టర్ చేయించుకోవచ్చు. ఈలోగా బండిని అమ్మితే అమ్మినవారూ కొన్నవారూ ఇద్దరూ తమ తమ రాష్ట్రాల రవాణా అధికారులకు తెలియజేయాలి. ర్యాలీకో ప్రదర్శనకో బయలుదేరేటప్పుడు సర్టిఫికెట్, బీమా పత్రంతో పాటు ఆ కార్యక్రమం ఆహ్వాన పత్రాన్ని కూడా బండిలో ఉంచుకుంటే, దారిలో పోలీసులు ఆపినప్పుడు ఎక్కడికి వెళ్తున్నారో చూపడానికి పనికొస్తుంది.